నెలకి రెండు వేలు దాటకుండా క్రికెట్ బెట్టింగ్: బాధ్యతగా మొదలెట్టడం ఎలగ?

ఘంటస్తంభం_కుర్రోడు
విజయనగరం. సీజన్ వస్తోంది, చుట్టూ అందరికీ ఐడీలు (ఏజెంట్లు వాట్సాప్‌లో ఇచ్చే బెట్టింగ్ ఖాతాలు) ఉన్నాయి. అప్పులు చేసి పోగొట్టుకునే రకం కాకుండా పద్ధతిగా మొదలెడదామని. నెలకి 2,000, మ్యాచ్‌కి 100, అంతకు మించి పైసా పెట్టకూడదని లెక్క. మూడు ప్రశ్నలు. ఏ యాప్ నమ్మకం? ఈ పరిమితి సరిపోతుందా? గెలిస్తే టాక్స్ ఏటి? నీతులు ఇంట్లో రోజూ వింటన్నాను, ఇక్కడ లెక్కలు చెప్పండి చాలు.

నాగావళి_గట్టు
మొదటి దానికి జవాబు ఒక్క ముక్క. ఏదీ కాదు. ఆంధ్రలో డబ్బు పెట్టి ఆన్‌లైన్ పందెం 2020 నుంచీ నేరం.

ఘంటస్తంభం_కుర్రోడు
మరి అంత పెద్ద ఫాంటసీ (ఆటగాళ్లని ఎంచుకుని సొంత జట్టు కట్టి పోటీపడే) కంపెనీల పేర్లు టీమ్ జెర్సీల మీదే ఉండేవి కదా? అవి నేరమైతే అలగ వేసుకుంటారేటి?

సెక్షన్_మావ
రెండు చట్టాలు కలిపేస్తన్నావు. విడదీసి చెప్తాను.

ఒకటి మన రాష్ట్రానిది. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించారు. అప్పటిదాకా నైపుణ్యం ఉన్న ఆట అంటే వదిలేసేవారు. సవరణతో ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీ, పోకర్, బెట్టింగ్ అన్నీ లోపలికి వచ్చేశాయి. నడిపేవాడికి మొదటిసారి ఏడాది జైలు, రెండోసారి రెండేళ్లు. ఆడేవాడికి ఆరు నెలల దాకా. ఇక్కడే చాలామంది పొరబడతారు, ‘ఆడేవాడికేం కాదు’ అనుకుంటారు. అందుకే ఫాంటసీ యాప్‌లు జెర్సీల మీద వెలిగిపోతున్న రోజుల్లో కూడా ఆంధ్ర, తెలంగాణ, ఒడిశా వాళ్లకి డబ్బు పోటీలు మూసే ఉంచేవి.

రెండోది దేశం మొత్తానికి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. దాంట్లో నైపుణ్యమా అదృష్టమా అన్న తేడాయే లేదు, డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆట ఏదైనా ఒకటే. నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ప్రకటన చేస్తే రెండేళ్లు, 50 లక్షలు. డబ్బు లావాదేవీలకు దారిచ్చిన బ్యాంకుకీ, పేమెంట్ కంపెనీకీ మూడేళ్లు, కోటి. ఈ కేంద్ర చట్టంలో ఆడేవాడికి శిక్ష పెట్టలేదు. కానీ నువ్వు ఉన్నది విజయనగరంలో, రాష్ట్ర చట్టం నీ మీద అలాగే ఉంది. జెర్సీ మీది పేరు కూడా ఆ ఆగస్టులోనే డబ్బు పోటీలు ఆపేసింది, స్పాన్సర్‌షిప్పూ పోయింది.

పలాస_జీడి
అయితే రైలెక్కి ఇచ్ఛాపురం దాటి, బరంపురం ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఆడితే?

సెక్షన్_మావ
పైన ఒడిశా పేరు చదవలేదేటి బావూ. టికెట్ డబ్బులు కూడా దండగ.

పలాస_జీడి
సంక్రాంతికి కోడి మీద వేసినప్పుడు ఇన్ని సెక్షన్లు గుర్తుకురావు ఎవరికీ.

సెక్షన్_మావ
అదీ నేరమే. కోడికి కత్తి కడితే 1960 నాటి జంతుహింస చట్టం అదనం. తేడా ఒకటే, కోడి పందెం మూడు రోజులు. ఫోన్లో పందెం మూడు వందల అరవై ఐదు.

లెక్కల_మాస్టారు
తమ్ముడు లెక్కలు అడిగాడు. చట్టం పక్కన పెట్టి ఆ రెండో ప్రశ్న చూద్దాం, నెలకి రెండు వేలు పరిమితి అవుతుందా అని.

ముందు రేటు అంటే ఏమిటో. ఇద్దరూ సమానమైన జట్లు అనుకో. నిజంగా సగం సగం అవకాశం ఉంటే న్యాయమైన రేటు 2.00. వందకి రెండొందలు తిరిగి రావాలి. కానీ బుకీ ఇద్దరికీ 1.90 ఇస్తాడు. 1ని 1.90తో భాగిస్తే 52.63 శాతం. రెండు వైపులా కలిపితే 105.26. ఆ వంద దాటిన 5.26 అతని ఇల్లు గడిచే సొమ్ము. నీ వైపు నుంచి చూస్తే, వంద పెట్టిన ప్రతిసారీ సగటున 95 తిరిగి వస్తాయి. నష్టం లేకుండా ఉండాలంటే నూటికి 53 సార్లు సరిగ్గా చెప్పాలి.

అసలు మెలిక ఇది. ఈ ఐదు శాతం నువ్వు జమ చేసిన డబ్బు మీద కాదు, వేసిన పందేల మొత్తం మీద. గెలిచిన వంద మళ్లీ పెడతావు, అదీ లెక్కలోకే. ఒక మ్యాచ్‌లో పది చిన్న పందేలు వేస్తే వెయ్యి. 74 మ్యాచ్‌ల సీజన్‌లో 74,000. దాంట్లో ఐదు శాతం 3,700. నువ్వేమో ‘వందే కదా’ అనుకుంటూ ఉంటావు. మ్యాచ్‌కి వంద అంటే మ్యాచ్‌కి ఒక్క పందెమా, పందేనికి వందా? అది ముందు తేల్చుకో.

పలాస_జీడి
మాస్టారూ, 1.90 అని మన దగ్గర ఎవడూ అనడు. నలభై పైసలు, డెబ్భై పైసలు అంటాడు.

లెక్కల_మాస్టారు
ఒకటే బండి, రంగు వేరు. ‘30-32’ అని చెప్పాడనుకో. ఫేవరెట్ గెలుస్తుందని వంద పెడితే వచ్చే లాభం 30. అంటే 1.30. ఫేవరెట్ ఓడుతుందని ఆడితే, ఓడినప్పుడు నీకు వంద, గెలిచినప్పుడు నీ జేబులోంచి 32. మధ్యలో ఆ రెండు పైసల తేడా వాడిది. చూడ్డానికి చిన్నది. రోజుకి ఎన్ని చేతులు మారుతుందో చూస్తే తెలుస్తుంది.

సెషన్‌లో (ఇన్ని ఓవర్లకి ఇన్ని పరుగులని వేసే పందెం) ఇంకా ముదురు. ఆరు ఓవర్లకి ‘48-49’ అన్నాడు. ‘యస్’ అంటే 49 గాని ఆపైన గాని కావాలి. ‘నో’ అంటే 47 గాని ఆలోపు గాని. సరిగ్గా 48 కొడితే? యస్ వేసినవాడూ ఓడాడు, నో వేసినవాడూ ఓడాడు. ఇద్దరి సొమ్మూ ఒకడికే.

నాగావళి_గట్టు
ఈ 48 సంగతి పదేళ్లుగా ఆడేవాళ్లకి కూడా తెలీదు. ‘దురదృష్టం’ అనుకుంటారు.

రాజాం_రైడర్
లెక్క బాగుంది గాని, అది గుడ్డిగా వేసేవాడికి. ఆట తెలిసినోడికి సగం సగం ఎందుకవుతుంది? పిచ్ చూడాలి, మంచు పడే ఊరా కాదా చూడాలి, టాస్ అయ్యాక వెయ్యాలి. విశాఖలో రాత్రి మ్యాచ్ అయితే రెండో ఇన్నింగ్స్‌లో బంతి తడుస్తుందని ఇక్కడ చిన్న గుంటడికైనా తెలుసు.

లెక్కల_మాస్టారు
చిన్న గుంటడికి తెలిసింది బుకీకి తెలీదేటి? టాస్ పడిన క్షణంలోనే రేటు మారిపోతుంది. అందరికీ తెలిసిన సంగతి రేటులో ముందే కలిసిపోయి ఉంటుంది. నీకు లాభం రావాలంటే, రేటులో లేని సంగతి ఏదో నీకొక్కడికే తెలిసి ఉండాలి.

‘కానీ ఫలానా వాడు పోయిన సీజన్ లాభంలో ఉన్నాడు’ అని తర్వాతి పోస్టు వస్తుంది కాబట్టి ముందే చెప్తాను. నాణెం ఎగరేసి, 74 మ్యాచ్‌లకీ 1.90 మీద సమానంగా వేసేవాడిని తీసుకో. లాభంలో ఉండాలంటే 39 గెలవాలి. నాణెం వాడికి సగటు 37, అటూ ఇటూ నాలుగైదు తేడా మామూలే. లెక్క కడితే 39 గాని ఎక్కువ గాని వచ్చే అవకాశం 36 శాతం. అంటే బుర్ర లేకుండా ఆడిన ముగ్గురిలో ఒకడు సీజన్ చివర మీసం మెలేస్తాడు. నలుగురి మధ్యలో ఆ ఒక్కడే మాట్లాడతాడు. మిగతా ఇద్దరూ టీ తాగుతూ వింటారు.

రాజాం_రైడర్
సరే, నిజంగా 55 శాతం చెప్పగలిగేవాడు ఉంటే?

లెక్కల_మాస్టారు
ఉంటే వాడికి కెల్లీ సూత్రం ఉంది. ఎంత పెట్టాలో చెప్తుంది. 1.90 రేటు, 55 శాతం నమ్మకం అయితే మొత్తం సొమ్ములో ఐదు శాతం. దాంట్లో సగం పెట్టమంటారు జాగ్రత్తపరులు. అదే సూత్రంలో 50 శాతం వేసి చూడు, మైనస్ 5.6 వస్తుంది. మైనస్ అంటే పెట్టొద్దని. ఎక్కువ మందికి ఈ సూత్రం ఇచ్చే జవాబు అదే. అందుకే యాప్‌లో అది కనపడదు.

ఇంకోటి, నాలుగు మ్యాచ్‌లు కలిపి ‘కాంబో’ వేస్తే వందకి 1,303 వస్తుందని ఊరిస్తారు. 1.90 నాలుగుసార్లు గుణిస్తే 13.03. సగం సగం అవకాశం నాలుగుసార్లు కలిస్తే న్యాయంగా 16 రావాలి. అక్కడ వాడి వాటా ఐదు కాదు, 18 శాతం దాటింది.

రాజాం_రైడర్
డబ్లింగ్ చేస్తే? ఓడిన ప్రతిసారీ రెట్టింపు. ఎప్పుడో ఒకప్పుడు గెలుస్తాం కదా, అప్పుడు పోయిందంతా తిరిగొస్తుంది.

లెక్కల_మాస్టారు
2.00 రేటు ఉంటే తిరిగొస్తుంది. నీకు ఇచ్చేది 1.90. కాయితం మీద వెయ్యి: 100 పోయింది, 200 వేసి గెలిస్తే 180 లాభం, చేతికి 80. రెండు ఓడి 400 మీద గెలిస్తే మిగిలేది 60. మూడు ఓడి 800 మీద గెలిస్తే 20. నాలుగు ఓడి (1,500 పోయాయి) 1,600 మీద గెలిస్తే లాభం 1,440. అంటే గెలిచి కూడా 60 నష్టం! ఏడు వరసగా ఓడితే పోయేది 12,700. సగం సగం ఆటలో ఏడు వరసగా ఓడడం 128లో ఒకసారి. రోజుకి పది సెషన్లు వేసేవాడికి 128 ఎన్నాళ్లు?

పలాస_జీడి
గెలిచి ఓడడం అంటే ఇదన్నమాట. మా వార్డు ఎలక్షన్ గుర్తొచ్చింది.

కౌంటర్_నంబర్_3
లెక్కల కంటే ముందు పేలేది ఇంకోటుంది, బ్యాంకు ఖాతా. ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నా.

ఈ ఐడీల్లో డబ్బు వేసేటప్పుడు గమనించండి, ప్రతిసారీ వేరే యూపీఐ పేరు, వేరే క్యూఆర్ వస్తుంది. ఒకసారి ఏదో ట్రేడర్స్, ఇంకోసారి ఎవరో మనిషి పేరు. కంపెనీ ఖాతా కాదది, అద్దె ఖాతా. పాస్‌బుక్, ఏటీఎం కార్డు, ఆ ఖాతాకి కట్టిన సిమ్ము మూడూ కలిపి కిట్ లాగా కొంటారు. కాలేజీ పిల్లల దగ్గర, కూలీల దగ్గర నాలుగు వేలకో ఐదు వేలకో. తర్వాత ఆ ఖాతాదారు మీదే కేసు.

విత్‌డ్రా ఎక్కడ నుంచి వస్తుంది? అలాంటి ఖాతా నుంచే. అదే ఖాతాలోకి ఇంకో రాష్ట్రంలో ఎవరినో డిజిటల్ అరెస్టు అని బెదిరించి లాగిన సొమ్ము కూడా పడి ఉంటుంది. ఆ బాధితుడు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేస్తాడు. సైబర్ పోర్టల్ ఆ సొమ్ము వెళ్లిన దారి పట్టుకుని ఒక పొర తర్వాత ఇంకో పొర వెతుకుతుంది. మూడో పొరలోనో నాలుగో పొరలోనో నీ ఖాతా తగులుతుంది. నీకు వచ్చింది 1,500 గెలుపు. ఆగిపోయేది జీతం పడే ఖాతా.

ఆమదాలవలస_జంక్షన్
ఆగిపోతే ఏం చెయ్యాలి? బ్రాంచికి వెళ్తే ‘పైనుంచి ఆర్డరు’ అని పంపించేస్తారు.

కౌంటర్_నంబర్_3
పంపించేస్తే కదలొద్దు. ముందు అడగాల్సింది లియనా, డెబిట్ ఫ్రీజా అని. లియన్ అయితే వివాదంలో ఉన్న మొత్తం వరకే ఆగుతుంది, మిగతాది వాడుకోవచ్చు. డెబిట్ ఫ్రీజ్ అయితే రూపాయి కదలదు. తర్వాత రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి నాలుగు వివరాలు తీసుకోవాలి: ఫిర్యాదు అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు, ఏ రాష్ట్రం ఏ స్టేషను, వాళ్ల ఈమెయిల్, వివాదంలో ఉన్న మొత్తం. దరఖాస్తు నకలు మీద బ్రాంచి ముద్ర వేయించుకో.

అవి దొరికాక దర్యాప్తు అధికారికి మెయిల్. ఆరు నెలల స్టేట్‌మెంట్, ఆధార్, ఆ జమ ఎలా వచ్చిందో వివరణ, వివాదం ఉన్న మొత్తానికే పరిమితం చెయ్యమని విన్నపం. అక్కడ కదలకపోతే కోర్టు, దాని సంగతి సెక్షన్ మావ చెప్పాలి.

ఇప్పుడు చిక్కు చూడు. ‘ఆ 1,500 ఎక్కడివి’ అని అడిగితే బెట్టింగ్ గెలుపు అని నీ చేత్తో రాసి సంతకం పెట్టాలి. విజయనగరం అడ్రసుతో. అబద్ధం రాస్తే అది వేరే కేసు.

ఘంటస్తంభం_కుర్రోడు
ఇది నిజంగా తెలీదు.

సెక్షన్_మావ
కోర్టు అంటే, ఖాతా ఆపిన పోలీసులు ఏ మెజిస్ట్రేటుకి రిపోర్టు చేశారో అక్కడ విడుదలకి పిటిషన్. ఇంకో రాష్ట్రమైతే అక్కడి లాయరు, అక్కడి వాయిదాలు. ఫీజు పెట్టుకోలేకపోతే 15100కి ఫోన్ చేస్తే ఉచిత న్యాయ సాయం గురించి చెప్తారు.

తోటపల్లి_కాలవ
ఐడీ అంటే యాప్ కూడా ప్లేస్టోర్లో ఉండదు. వాట్సాప్‌లో ఏపీకే (యాప్ ఫైలు) పంపుతారు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎస్సెమ్మెస్ చదివే అనుమతి అడిగితే ఓటీపీలు వాడి చేతికి పోయినట్టే. యాక్సెసిబిలిటీ అనుమతి అడిగితే ఇంకా ఘోరం, తెర మీద ఏం నొక్కుతున్నావో చూడగలడు, నీ బదులు తనే నొక్కగలడు. ఇప్పటికే వేసి ఉంటే ముందు సెట్టింగుల్లో ఆ రెండు అనుమతులూ తీసెయ్. ఆ తర్వాత అన్‌ఇన్‌స్టాల్. యూపీఐ పిన్, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ వేరే ఫోన్ నుంచి మార్చుకో, అదే ఫోన్ నుంచి కాదు. యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా తెరిచి తెలియని మాండేట్ (దానంతటదే డబ్బు కోసుకునే అనుమతి) ఉంటే రద్దు చెయ్.

జామి_వంతెన
టెలిగ్రామ్‌లో ‘ఐదుకి ఐదు కరెక్ట్’ అని స్క్రీన్‌షాట్లు పెట్టేవాళ్లు? వాళ్లు కూడా నాణెమేనా?

లెక్కల_మాస్టారు
నాణెం కూడా కాదు, కత్తెర. 1,024 మందికి విడివిడిగా మెసేజ్ పెడతాడు. సగం మందికి ‘ఈ జట్టు’, సగం మందికి ‘ఆ జట్టు’. ఓడిన సగాన్ని వదిలేస్తాడు. 512, 256, 128, 64, 32. ఐదు మ్యాచ్‌ల తర్వాత 32 మంది దృష్టిలో వాడు ఒక్కసారి కూడా తప్పని జ్యోతిష్యుడు. ఆరో మ్యాచ్‌కి ‘వీఐపీ ఫీజు’ అడుగుతాడు. ఆ 32 మందిలో ఎంతమంది కడతారో నువ్వే ఊహించుకో.

తోటపల్లి_కాలవ
దాని తమ్ముడు ఇంకోడున్నాడు, ‘విత్‌డ్రా ఫీజు’. గెలిచింది 18,000 అని తెర మీద చూపిస్తాడు. తియ్యాలంటే వెరిఫికేషన్‌కి 2,000. కట్టాక టాక్స్ 30 శాతం ముందే కట్టమంటాడు. తెర మీది అంకె వాడు టైపు చేసిందే. టాక్స్ అనేది వచ్చే సొమ్ములోంచి కోసుకుంటారు గాని, నీ జేబులోంచి ముందు అడగరు.

ఘంటస్తంభం_కుర్రోడు
టాక్స్ అనుకున్నాం కాబట్టి ఆ మూడో ప్రశ్న కూడా తేల్చండి.

కౌంటర్_నంబర్_3
ఆన్‌లైన్ ఆటల నికర గెలుపు మీద నేరుగా 30 శాతం, పైన సెస్సు కలిపి 31.2. ఆదాయం తక్కువుంది కదా అని కనీస మినహాయింపు వాడుకోడానికి లేదు, ఇంకే సంపాదనా లేని విద్యార్థికైనా ఇదే. నికరం అంటే ఏడాదిలో తీసిందీ చివర్లో మిగిలిందీ కలిపి, వేసినదీ మొదట్లో ఉన్నదీ తీసెయ్యడం. ఈ ఏడాది నష్టం వచ్చే ఏడాదికి మోసుకెళ్లడం కుదరదు, జీతంలోంచి తగ్గించుకోడమూ కుదరదు. ఆదాయప్పన్ను వాళ్లు సొమ్ము చట్టబద్ధమా కాదా చూడరు, వచ్చిందా లేదా చూస్తారు. వాట్సాప్ ఐడీ వాడు టీడీఎస్ (ముందే కోసే పన్ను) కొయ్యడు, అందుకని బాధ్యత నీ నెత్తి మీదే ఉంటుంది.

మాస్టారి లెక్కలో ఇది కలపండి. గెలిచిన సీజన్‌కి 31 శాతం పోతుంది, ఓడిన సీజన్‌కి ఏమీ తిరిగి రాదు.

రాజాం_రైడర్
ఇవన్నీ దొంగ ఐడీల గొడవలు. లైసెన్సు ఇచ్చి పద్ధతిగా నడిపితే పోయేది కదా. బ్రిటన్‌లో ఎలా ఆడుతున్నారు?

బొబ్బిలి_వీణ
ఈ ప్రశ్న మంచిది. తమ్ముడు మొదట రాసిన ‘బాధ్యతగా’ అనే మాట అక్కడ బాగా వాడుకలో ఉంది. అక్కడ దాని అర్థం మనిషి గుణం కాదు, కొన్ని పనిముట్లు. జమకి పరిమితి పెట్టుకుంటే కంపెనీ ఆపాలి. గామ్‌స్టాప్ అని ఒక్కచోట పేరు రాస్తే లైసెన్సున్న ఆన్‌లైన్ కంపెనీలన్నీ తలుపు మూస్తాయి, ఆరు నెలలు, ఏడాది, ఐదేళ్లు, ఏది ఎంచుకుంటే అది. 2020 ఏప్రిల్ నుంచి క్రెడిట్ కార్డుతో పందెం కట్టడం అక్కడ నిషేధం. మాట తప్పిన కంపెనీకి జరిమానా వేసే కమిషన్ ఉంది. ఇవన్నీ ఉండి కూడా అక్కడ ఈ జబ్బుకి ప్రత్యేక క్లినిక్కులు నడుపుతున్నారు.

ఇక్కడ వాట్సాప్ ఏజెంటుకి ‘నాకు రెండు వేల పరిమితి పెట్టు’ అని చెప్పు, ఏమంటాడో. మూడో రోజు ‘అన్నా, ఐదొందలు బోనస్ వేశాను’ అంటాడు. ఇంకొన్నాళ్లకి అప్పు మీద పాయింట్లు ఇస్తాడు, సోమవారం తీర్చమంటాడు. నీ పరిమితిని కాపాడేవాడు నువ్వొక్కడివే. చివరి ఓవర్లో, ఓడిపోతున్నప్పుడు, రాత్రి పదకొండింటికి.

ఘంటస్తంభం_కుర్రోడు
అక్కా, 2,000 వేరే ఖాతాలో వేసి దాంతోనే ఆడితే? అయిపోతే ఆగిపోతాను కదా.

బొబ్బిలి_వీణ
వేరే ఖాతా నుంచి ఈ ఖాతాకి డబ్బు పంపడానికి ఎంతసేపు? పది సెకన్లు. పరిమితి పని చెయ్యాలంటే దాన్ని దాటడానికి కనీసం ఒక రోజు పట్టాలి.

ఇప్పటికే ఆడుతూ ఈ థ్రెడ్ చదివేవాళ్ల కోసం, అడ్డుకట్ట ఎలా వెయ్యాలో రాస్తాను. బ్యాంకు యాప్‌లో యూపీఐ రోజు పరిమితి 500కో వెయ్యికో దించండి. జీతం పడే ఖాతాని యూపీఐ నుంచి పూర్తిగా తీసేసి, ఇంట్లో ఒకరి పేరుతో కలిపి ఉన్న ఖాతాకి నెల మొదటి రోజే బదిలీ అయ్యేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టండి. ఏజెంటు నంబరు బ్లాక్ చేస్తే చాలదు, కొత్త నంబరుతో వస్తాడు. వాట్సాప్ గ్రూపుల్లో ‘ఎవరు చేర్చవచ్చు’ అన్న చోట కాంటాక్టులు మాత్రమే అని మార్చండి. మ్యాచ్ టీవీలో చూడండి, ఫోన్ వేరే గదిలో పెట్టండి. మామూలు మాటే గాని, బాల్ బాల్‌కీ వేసే పందెం ఫోన్ చేతిలో ఉంటేనే కుదురుతుంది.

గుర్తు పట్టాల్సింది పోయిన మొత్తం కాదు. పోయింది ఈ రోజే రాబట్టాలి అనిపించడం, ఇంట్లో అంకె తగ్గించి చెప్పడం, ఆడని రోజు చిరాకు. ఈ మూడింటిలో రెండు ఉంటే 14416కి ఫోన్ చెయ్యండి. టెలీమానస్, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పేరు చెప్పాలని లేదు. జూదం వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలోనే పెట్టింది, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

నాగావళి_గట్టు
లైవ్ మీద ఒకటి కలుపుతాను. ఫోన్లో వచ్చే ప్రసారం మైదానం కంటే కొన్ని సెకన్లు మొదలు అరనిమిషం దాకా వెనక ఉంటుంది. నువ్వు బౌలర్ పరిగెత్తడం చూస్తున్నప్పుడు అక్కడ వికెట్ పడిపోయి ఉంటుంది. రేటు ఇచ్చేవాడికి ముందే తెలుసు. తెర మీద ‘సస్పెండెడ్’ అని వచ్చిందంటే అర్థం అదే. పక్కింట్లో డిష్ టీవీ వాళ్ల కేక ముందు వినపడితే ఆ మ్యాచ్ మీద నువ్వు వేసేది పందెం కాదు, విరాళం.

ఆమదాలవలస_జంక్షన్
ఏజెంటుకి బాకీ పడితే? ఇంటికొచ్చి ప్రోనోటు రాయించుకుంటన్నారు.

సెక్షన్_మావ
ఇది ముఖ్యం, జాగ్రత్తగా చదువు. పందెం ఒప్పందం చెల్లదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను. బెట్టింగ్ బాకీ అని చెప్పి వాడు కోర్టుకి పోలేడు. అందుకే ప్రోనోటు రాయించుకుంటాడు, చేబదులు అని. ప్రోనోటు మీద సంతకం ఉంటే, దానికి సొమ్ము అందిందనే చట్టం మొదట అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది నువ్వు. చెక్కు ఇస్తే ఇంకా చిక్కు, బౌన్సయితే క్రిమినల్ కేసు. ఖాళీ ప్రోనోటు, ఖాళీ చెక్కు, ఖాళీ స్టాంపు కాయితం, ఏదీ ఇవ్వొద్దు. ఇచ్చేసి ఉంటే, వాడితో నడిచిన వాట్సాప్ చాట్, యూపీఐ వివరాలు చెరపొద్దు. అది బెట్టింగ్ సొమ్మేనని చూపించడానికి నీ చేతిలో ఉండేవి అవే. ఇంటి మీదికొచ్చి బెదిరిస్తే అది వేరే నేరం, స్టేషనుకి పోవచ్చు.

పలాస_జీడి
అంటే నేరం చేసినోడు నేరం జరిగిందని చెప్పడానికి నేరం ఒప్పుకోవాలి. బాగుంది మావా.

సెక్షన్_మావ
అంతే బావూ. అందుకే లాయర్లు బతుకుతున్నారు.

ఘంటస్తంభం_కుర్రోడు
సరే, ఐడీ తీసుకోను. కానీ నాకు నిజంగా ఆసక్తి డబ్బు మీద కాదు, చెప్పింది చెప్పినట్టు జరిగిందా లేదా అన్న దాని మీద. డబ్బు లేకుండా ఆ కిక్కు ఎలగ?

రాజాం_రైడర్
డబ్బు లేకపోతే కిక్కెక్కడిది తమ్ముడూ.

లెక్కల_మాస్టారు
ఉంది. పైగా రైడర్ గారికి ఆట తెలుసో లేదో కూడా తేలిపోతుంది.

ఒక నోటుబుక్కు. ప్రతి మ్యాచ్‌కి టాస్ ముందు ఒక వరస: తేదీ, జట్లు, మొదటి జట్టు గెలిచే అవకాశం నీ లెక్కలో ఎంత శాతం, స్కోరు యాప్‌లో ఉచితంగా చూపించే గెలుపు శాతం ఎంత, ఫలితం. ‘గెలుస్తుంది’ అని రాయకూడదు, శాతం రాయాలి. 60 అన్నావు, గెలిచింది. 1లోంచి 0.60 తీసేస్తే 0.40, దాని వర్గం 0.16. ఓడితే 0.60 వర్గం, 0.36. ఇది నీ తప్పు మార్కు. తక్కువైతే మంచిది. అన్ని మ్యాచ్‌లకీ 50 అని రాసే బద్ధకస్తుడికి ఎప్పుడూ 0.25 వస్తుంది. దీన్ని బ్రయర్ స్కోరు అంటారు, వాతావరణ సూచనలు ఎంత సరిగ్గా ఉన్నాయో చూడ్డానికి పుట్టింది.

సీజన్ చివర మూడు సగటులు చూడు: నీది, యాప్‌ది, బద్ధకస్తుడిది. 0.25 కంటే నీది ఎక్కువుంటే నీ జ్ఞానం నాణెం కంటే హీనం. యాప్ కంటే తక్కువుంటే అప్పుడు రైడర్ గారు కాలర్ ఎగరెయ్యచ్చు. అదీ ఒక్క సీజన్‌తో కాదు, రెండు మూడు సీజన్లు నిలబడితే.

బొబ్బిలి_వీణ
90, 95 అని రాసేవాళ్లు ఇందులో దొరికిపోతారు. 95 అని ఓడితే 0.90 పడుతుంది.

రాజాం_రైడర్
సరే మాస్టారూ, నేను రాస్తాను. కానీ మ్యాచ్ అయ్యాక 60ని 40గా దిద్దుకుంటే ఎవడికి తెలుస్తుంది?

లెక్కల_మాస్టారు
టాస్‌కి అరగంట ముందు ఇక్కడే పోస్టు చెయ్. ఈ వేదికలో ఎడిట్ చేస్తే కింద టైం పడుతుంది.

పలాస_జీడి
నేను ప్రతి మ్యాచ్‌కీ 50 రాస్తాను. బద్ధకస్తుడి కుర్చీ నాది, ఎవరూ కూర్చోకండి.